డ్రమ్మా, సత్తుబిందా?

నవ్వితే నవ్వండి గానీ, మెటాలికా వాళ్ళ మీద నాకు పట్టరాని కోపంగా వుంది. "ఈ వయసులో నీకా గోలెందుకే?" అని మా అక్కయ్య అననే అంది. పక్కగదిలో మావాడు ఇంటర్ నుంచి ఇంజనీరింగు అయ్యేదాకా అదే మోత మోగిస్తూంటే, చెవులున్నవాళ్ళం ఎక్కడికి పోతాం? మొదట్లో తిట్టుకున్నాను. పోనుపోను కూరలు తరుగుతూనే, ఏ పాటలో గిటారు ఎక్కడ విరుచుకు పడుతుందో కనిపెట్టడం మొదలెట్టాను.

1981లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన బృందమది. హార్డ్‌కోర్ పంక్ వేగాన్ని తెచ్చి హెవీ మెటల్‌కి తగిలించారు. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వినండి. చప్పుడే, కాదనను. కానీ ఆ చప్పుడుకో లెక్కుంది.

మొన్న పండక్కి వచ్చి, మావాడు మళ్ళీ 2003 నాటి 'సెయింట్ యాంగర్' పెట్టాడు. స్నేర్ డ్రమ్ము అడుగున సన్నటి తీగలు బిగించి వుంటాయి. దెబ్బకి పదునొచ్చేది వాటివల్లే. లార్స్ ఉల్‌రిక్ మహాశయుడు ఆ తీగల్ని వదులుగా వదిలేసి వాయించాడు. ఇంకేముంది, కొళాయి దగ్గర ఖాళీ సత్తుబిందె మీద గరిటెతో బాదినట్టు, డెబ్భై అయిదు నిమిషాలు! పైగా గిటారు సోలో ఒక్కటంటే ఒక్కటి లేదు. కర్క్ హామెట్ లాంటి చెయ్యి తిరిగినవాణ్ణి పెట్టుకుని! పెళ్ళికి వంటవాణ్ణి పిలిచి మంచినీళ్ళందించమన్నట్టుంది.

"అది నిజాయితీ అమ్మా! కోపాన్ని ఉన్నదున్నట్టు పెట్టారు" అంటాడు మావాడు. ఏం నిజాయితీరా? కోపంగా వుందని నేను పప్పులో ఉప్పు వెయ్యకపోతే, నా నిజాయితీని మెచ్చుకుంటూ తింటావా?

మారకూడదని కాదు నా వాదన. 1991లో నల్ల అట్టతో వచ్చిన ఆల్బంలో వేగం తగ్గించారు, పాటలు చిన్నవి చేశారు. పాత అభిమానులు ద్రోహమన్నారు. నేనొప్పుకోను. వేగం తగ్గినచోట బరువు పెరిగింది, ఒక్కొక్క దెబ్బా చెక్కినట్టుంటుంది. 1996లో 'లోడ్' నాటికి జుట్లు కత్తిరించుకున్నారని ఇంకో గోల. జుట్టు వాళ్ళది, వాళ్ళిష్టం. ఆ కత్తెరేదో పాటలకి పెట్టుంటే బావుండేది. అదీ డెబ్భై తొమ్మిది నిమిషాల పారాయణమే!

నా అసలు కడుపుమంట వేరే వుంది. 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాడు, పాపం. ఆ చోటులోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 ఆల్బంలో అతని బేస్ చెవికి ఆననంతగా తగ్గించేశారు. కొత్తకోడలు చేసిన కూర వడ్డించకుండా వంటింట్లోనే మూతపెట్టి ఉంచడం మనకి తెలియని విద్యా? పధ్నాలుగేళ్ళు వున్నాడు. పక్కన ఇంకో బృందంతో వాయించుకుంటానంటే హెట్‌ఫీల్డ్ కూడదన్నాడు. 2001లో గడప దాటాడు. ఇటు వీళ్ళేమో ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోడానికి జీతమిచ్చి మనస్తత్వ నిపుణుణ్ణి పెట్టుకున్నారు. 2004లో వచ్చిన సినిమాలో ఆ బాగోతమంతా వుంది. 'సెయింట్ యాంగర్'లో బేస్ ఎవరు వాయించారనుకున్నారు? నిర్మాత బాబ్ రాక్! ఒకరి వాయిద్యం ఒకరు వినడం మానేసిన ఇంట్లో డ్రమ్ము బిందెలా మోగక ఇంకెలా మోగుతుంది?

"దానికి గ్రామీ వచ్చిందిగా!" అని గుర్తు చేశాడు మావాడు. వచ్చింది, 2004లో, ఒక్క పాటకి. ఇచ్చినవాళ్ళు డెబ్భై అయిదు నిమిషాలూ కూర్చుని విన్నారా అని నా అనుమానం.

2008లో 'డెత్ మాగ్నెటిక్'తో సోలోలు తిరిగొచ్చాయి, డ్రమ్ము కూడా దారికొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే, రికార్డింగులో శబ్దం మరీ పెంచేసి పాటంతా బరబరలాడించారు. దాని సంగతి మావాడితో ఇంకా తేలలేదు.