తిరిగి చెడినదెవరు?

తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అని మనకో సామెత. ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు దీన్ని అనగా వినని ఆడవాళ్ళు నా వయసువాళ్ళలో తక్కువ. ఆ మాట అన్నవాళ్ళందరికీ పరిచయం చేయాలనిపించే మనిషి ఒకావిడ ఉంది. పేరు ఇసబెల్లా బర్డ్. 1831లో ఇంగ్లండులో పుట్టింది. తండ్రి పాదిరి. పద్దెనిమిదో ఏట వెన్ను దగ్గర కణితి కోసి తీశారు. ఆ తరవాత కూడా నడుంనొప్పి, నిద్రలేమి ఆమెను వదల్లేదు. రోజులకు రోజులు మంచానికే అతుక్కుపోయేది. సముద్ర ప్రయాణం చేయిస్తే మంచిదని వైద్యులు చెప్పారు. 1854 వేసవిలో తండ్రి ఆమె చేతిలో 100 పౌండ్లు పెట్టి, ఆ డబ్బు సరిపోయినన్నాళ్ళు అమెరికాలో ఉండి రమ్మన్నాడు.

బంధువులతో కలిసి ఓడ ఎక్కి అట్లాంటిక్ దాటింది. కెనడా, అమెరికా ఊళ్ళను రైళ్ళ మీదా ఆవిరి పడవల మీదా చుట్టబెట్టింది. బోస్టన్, సిన్సినాటి, షికాగో చూసింది. 1856లో ఆ ప్రయాణం మీద పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు పాతికేళ్ళు నిండలేదు. మంచం మీంచి లేవలేని పిల్ల ఆ వేసవంతా ఎలా తిరిగిందో ఇంట్లోవాళ్ళు గట్టిగా అడిగినట్టు లేరు. ఆరోగ్యం కోసం వెళ్ళింది కదా, అంతే చాలు.

అసలు ప్రయాణం మాత్రం 1873లోది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి, తల్లీ తండ్రీ పోయారు. ఉన్నదల్లా హెన్రియెటా అనే చెల్లెలు. ఆస్ట్రేలియా మీదుగా హవాయి దీవులకు చేరి, అక్కడ కొన్ని నెలలు ఉండిపోయింది. ఆ కాలపు మర్యాద ప్రకారం దొరసానులు గుర్రం మీద రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసి, ఒంటిని మెలితిప్పి కూర్చోవాలి. నడుంనొప్పి మనిషికి అది నరకం. హవాయిలో ఆడవాళ్ళు అటో కాలూ ఇటో కాలూ వేసి హాయిగా స్వారీ చేస్తున్నారు. చూసింది, తనూ అలాగే కూర్చుంది. నొప్పి పోయింది. డాక్టర్లు ఏళ్ళ తరబడి చేయలేని వైద్యం ఒక్క జీను మార్పుతో జరిగింది. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

అక్కణ్ణుంచి ఓడలో శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. వేసవి చివరి రోజులు. తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం పూర్తయి అప్పటికి నాలుగేళ్ళే. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర రెండు వైపుల పట్టాలూ కలిశాయి. సియెర్రా నెవాడా కొండల్లో గ్రానైటు తొలిచి ఆ దారి వేసినవాళ్ళలో అత్యధికులు చైనా కూలీలు. ఆ పట్టాల మీదే బర్డ్ ఒంటరిగా కొండలెక్కి, రాత్రి బాగా పొద్దుపోయాక ట్రకీ అనే చిన్న ఊళ్ళో దిగింది. కలప కోసేవాళ్ళు, రైలు పనివాళ్ళు, సారా అంగళ్ళు. హోటల్లో పడకలు ఖాళీగా ఉండవు, ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు. అలాంటి పడక మీదే నిద్రపోయింది. పొద్దున్నే గుర్రపుశాలకు వెళ్ళి గుర్రాన్ని అద్దెకు తీసుకుని, ఒక్కతే అడవిలోకి, టాహో సరస్సు వైపు సాగింది. దారిలో ఎలుగుబంటి ఎదురైతే గుర్రం బెదిరి ఆమెను కింద పడేసి పారిపోయింది. ఆమె లేచి దుమ్ములో నడుచుకుంటూ వెళ్ళింది. ఎదురైన మనుషులు గుర్రాన్ని పట్టి ఇస్తే, మళ్ళీ ఎక్కి ముందుకే వెళ్ళింది. వెనక్కి తిరగలేదు.

తరవాత రైల్లో షయాన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి దక్షిణంగా దిగి, కొలరాడో రాకీ పర్వతాల్లోని ఎస్టెస్ పార్క్ అనే లోయకు చేరింది. నగరం నుంచి వచ్చిన దొరసానిగా అతిథి మర్యాదలు చేయించుకుంటూ కూర్చోలేదు. పశువుల మందలను తోలింది, వంట చేసింది, గిన్నెలు కడిగింది. ఎలుగుబంటి పంజాకు ఒక కన్ను పోగొట్టుకున్న జిమ్ న్యూజెంట్ అనే వేటగాడి తోడుతో 14,000 అడుగులు దాటిన లాంగ్స్ పీక్ ఎక్కింది. చివరి మజిలీ అతను దాదాపు ఈడ్చుకెళ్ళాడని తనే ఒప్పుకుంది. మంచు మొదలయ్యాక బర్డీ అనే గుర్రం ఎక్కి డెన్వర్, కొలరాడో స్ప్రింగ్స్ మీదుగా వందల మైళ్ళు ఒక్కతే తిరిగింది. సాయంత్రానికి ఏ ఇల్లు కనిపిస్తే ఆ ఇంటి తలుపు కొట్టేది. ఇవన్నీ చెల్లెలికి రాసిన ఉత్తరాలు. 1879లో పుస్తకంగా వచ్చినప్పుడు లండన్ టైమ్స్ పత్రికకు అందులో కనిపించింది ఏమిటయ్యా అంటే, ఆవిడ మగవేషం వేసిందని! ఆమెకు ఒళ్ళు మండింది. చీలమండల దాకా లంగా, దాని కింద వదులైన పైజామా, పైన జాకెట్టు అంటూ తన బట్టల వివరం తరవాతి ముద్రణలో అచ్చు వేయించుకోవలసి వచ్చింది. కొండ ఎక్కిన మనిషి కట్టుకున్న గుడ్డలకు సంజాయిషీ ఇచ్చుకోవడం!

ఆమెలోని లోపాన్నీ చెప్పాలి. ఆమె హాయిగా తిరిగిన ఆ లోయలు యూట్, అరాపహో జాతులవాళ్ళవి. వాళ్ళను అప్పుడప్పుడే ఆ నేల మీంచి తరిమేస్తున్నారు. వాళ్ళ గురించి ఆమె రాసిన వాక్యాలు చదువుతుంటే ఈనాటికీ బాధ కలుగుతుంది. తెల్ల చర్మం కనుక ఏ తలుపు కొట్టినా తెరుచుకుంది. అది ఆమె గుండె ధైర్యాన్ని తగ్గించదు కానీ, ఆ ధైర్యానికి కాపుగా ఏం నిలబడి ఉందో చూపిస్తుంది.

ఇంగ్లండుకు తిరిగి రాగానే నడుంనొప్పి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఓడ ఎక్కితే తగ్గింది. ఆమె జీవితమంతా ఇదే వరస. జబ్బు అబద్ధమని నేను అనను. కానీ ఇల్లు కదలడానికి ఆనాటి సమాజం ఆమె దగ్గర ఒప్పుకున్న ఒకే ఒక్క కారణం ఆ జబ్బు. ‘చూడాలని ఉంది’ అంటే ఎవరూ పంపేవారు కారు.

మన వైపు కథలు ఇంతకన్నా భిన్నం కావు. నేనుంటున్న ఈ సూరత్‌నే తీసుకోండి. మొగలుల కాలంలో మక్కా వెళ్ళే ఓడలు ఇక్కణ్ణుంచే కదిలేవి. బాబరు కూతురు గుల్‌బదన్ బేగం అంతఃపుర స్త్రీలను వెంటబెట్టుకుని 1576లో ఈ తీరం నుంచే ఓడ ఎక్కింది. సముద్రం మీద పెత్తనం పోర్చుగీసువాళ్ళది. వాళ్ళ అనుమతి పత్రం కోసం దాదాపు ఏడాది సూరత్‌లో ఎదురుచూడవలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతింది. ఇల్లు చేరేసరికి 1582. చక్రవర్తికి మేనత్త అయినా సరే, బయటి లోకం చూడాలంటే హజ్ అనే కారణం ఉండాలి. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, మండుటెండల్లో, మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు వెంట సుమారు వందమంది పరివారం ఉంది. ఆయనకూ తీర్థయాత్ర అనే పేరు ఉంది. కానీ ఆయనను ఎందుకు పోతున్నావని నిలబెట్టి అడిగినవాడు లేడు.

ఆనందీబాయి జోషిని మాత్రం అడిగారు. కల్యాణ్‌లో పుట్టిన మరాఠీ పిల్ల, అప్పటికి పద్దెనిమిదో ఏడు. వైద్యం చదవడానికి భర్త లేకుండా అమెరికా వెళ్తానంటే ఊరంతా గగ్గోలు. 1883 ఫిబ్రవరిలో సేరంపూర్ కాలేజీలో సభ ముందు నిలబడి, తన మీద వచ్చిన ప్రశ్నలను తనే వరసగా చెప్పి, ఒక్కొక్కదానికీ జవాబిచ్చింది. అమెరికాకే ఎందుకు? ఇక్కడ చదువుకోలేవా? ఒంటరిగా ఎందుకు? కులంలోంచి వెలేస్తే? ఆపద వస్తే? ఏ ఆడదీ చేయని పని నువ్వెందుకు చేయాలి? ఆ ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కి జూన్ 4న న్యూయార్క్‌లో దిగింది. 1886 మార్చిలో పట్టా. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పుణెలో క్షయతో మరణం. ఆ పట్టాపండుగ చూడడానికి చిన్న కూతురితో సముద్రం దాటిన పండిత రమాబాయి మాత్రం అక్కడే రెండేళ్ళకు పైగా ఉండి, ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా రైళ్ళలో తిరిగి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కి జపాను మీదుగా ఇంటికి చేరింది. 1889లో ఆమె మరాఠీలో వేసిన అమెరికా పుస్తకాన్ని తెలుగువాళ్ళు చదవాలని నా కోరిక. ఆమె అక్కడి జనాన్ని, బడులను, ఆడవాళ్ళ సంఘాలను ఎంత నిశితంగా చూసిందో! అయితే ఆమె కూడా వితంతువుల బడికి చందాలు అనే కారణాన్ని చంకన పెట్టుకునే తిరిగింది.

ఏ కారణమూ చెప్పకుండా బయలుదేరినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 1954లో మెయిన్ రాష్ట్రపు మైనట్ అనే ఊళ్ళో యానీ విల్కిన్స్ అనే అరవయ్యేళ్ళు దాటిన రైతు మనిషి ఉండేది. ఎక్కువ కాలం బతకవని డాక్టరు చెప్పాడు. పన్ను బకాయిల కింద పొలం పోయింది. పసిఫిక్ మహాసముద్రం చూడాలనిపించింది ఆమెకు. టార్జాన్ అనే గుర్రం ఎక్కి, కుక్కను వెంటబెట్టుకుని, చలికాలం మొదట్లో బయలుదేరి, దేశం ఆ చివరన ఉన్న కాలిఫోర్నియా దాకా వెళ్ళింది. దారిలో రైతుల ఇళ్ళలో పడుకుంది, కొన్ని ఊళ్ళలో పోలీసులు జైలు గదుల్లో చోటిచ్చారు. సముద్రం చూడాలని ఉంది, అంతే.

ఇది చదివి మా సూరత్‌లోని లింబాయత్‌లో, పర్వత్ పాటియాలో ఉన్న మన పద్మశాలీ ఇళ్ళు తలచుకోండి. సాంచెల (మరమగ్గాల) మీద బతకడానికి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి తరాలు గడిచిన కుటుంబాలవి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఈ ఆడవాళ్ళకు ప్రయాణం కొత్త కాదు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పిల్లల్నీ సంచుల్నీ మోసుకుని వరంగల్ చేరడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఒక అమ్మాయి నాతో అన్న మాట ఇది: "ఊరికి పోవాలంటె పెండ్లన్నా ఉండాలె, సావన్నా ఉండాలె అక్కా. ఊకెనే పోతున్ననంటె ఇంట్ల ఏమంటరు?" ఆల్థాన్‌లో మా అపార్ట్‌మెంట్లలో చదువుకున్న కోడళ్ళదీ అదే స్థితి. వాళ్ళ పిల్లలు చదువుకని డల్లాస్‌కో డెట్రాయిట్‌కో ఒంటరిగా విమానం ఎక్కితే ఊరంతా స్వీట్లు పంచుతారు. అదే తల్లి, నాలుగు రోజులు ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్ళొస్తానంటే, అందరికీ అనుమానం వస్తుంది: ఇంట్లో గొడవేమైనా జరిగిందా?

భయం సంగతి నాకు తెలియనిది కాదు. మన రైళ్ళలో, బస్టాండుల్లో, లాడ్జీల్లో ఒంటరి ఆడమనిషికి ఎదురయ్యేవి నేనూ ఎదుర్కొన్నాను. ఒక ఊళ్ళో ఆడమనిషి ఒక్కతే వస్తే గది ఇవ్వమని మొహం మీదే చెప్పారు. రాత్రి తొమ్మిదింటికి పెట్టె పట్టుకుని వీధిలో నిలబడ్డ ఆ క్షణంలో నాకు కలిగింది భయం కన్నా కోపం. గది లేదనడం నన్ను కాపాడడమా? ఆడవాళ్ళు బయటికి రాకపోతే బయట ఎప్పటికీ మగవాళ్ళదిగానే మిగులుతుంది. ప్లాట్‌ఫారం మీద పది మంది ఒంటరి ఆడవాళ్ళు కనిపించినరోజు పదకొండో ఆవిడకు ఏ భయమూ ఉండదని ఎందరు ఎదురు చెప్పినా నేను నమ్ముతాను.

ఓడ, రైలు, గుర్రం మూడూ కావాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు. మన తాపీ నది దగ్గరే ఉన్నాయి. హజీరా నుంచి ఘోఘాకు 2020 నవంబరు నుంచి బస్సుల్నీ లారీలనూ మోసే ఓడ నడుస్తోంది. రోడ్డు మీద 370 కిలోమీటర్ల దూరం సముద్రం మీద 90కి తగ్గింది. అవతలి ఒడ్డున దిగితే అది కాఠియావాడ్, చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకే గుర్రాల సీమ. ఇటు సూరత్ నుంచి భుసావల్ వెళ్ళే రైలు ఎక్కితే దారిలో దొండాయిచా వస్తుంది. అక్కడికి దగ్గర్లో, తాపీ ఒడ్డునే ఉన్న సారంగ్‌ఖేడాలో ప్రతి డిసెంబరులో దత్త జయంతికి గుర్రాల సంత జరుగుతుంది. ఎండలు తగ్గేదాకా ఆగగలిగితే అది చూడదగ్గ సంత.

ఈ వేసవికే వెళ్ళదలచినవాళ్ళకు కొన్ని సంగతులు. రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, 2024 నవంబరు దాకా ఇది 120 రోజులు. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళ స్లీపర్ తరగతిలో ఒంటరిగా గానీ, ఆడవాళ్ళే గుంపుగా గానీ వెళ్ళేవారికి వయసుతో పని లేకుండా ఆరు బెర్తుల కోటా ఉంది. టిక్కెట్టు తీసుకునేటప్పుడు లేడీస్ కోటా ఎంచుకోవాలి, చాలామందికి ఈ సంగతి తెలియదు. 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు, ఖాళీని బట్టి, అడగకపోయినా కింది బెర్తు వస్తుంది. దారిలో ఇబ్బంది ఎదురైతే 139కి ఫోన్ చేయండి. రైల్వే రక్షక దళంవాళ్ళ ‘మేరీ సహేలీ’ బృందాలు ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ కోసమే ఉన్నాయి. బెర్తు దగ్గరికి వచ్చి పలకరిస్తే మొహమాటపడకుండా మీ కోచ్ నంబరు, సీటు నంబరు ఇవ్వండి. ఎందుకు వెళ్తున్నారని వాళ్ళు అడగరు.