వాకిట్లో ఒక తంగేడు

బతుకమ్మ వచ్చిందంటే హైదరాబాద్ మార్కెట్లలో తంగేడు పూలు కట్టలు కట్టి అమ్ముతారు. మనం బేరమాడి మరీ కొంటాం. నిజానికి ఇది గుట్టల మీద, బీడు భూముల్లో, రోడ్ల పక్కన ఎవరూ నీళ్లు పోయకుండానే పూసే పువ్వు. మరి కొనుక్కునే పరిస్థితి ఎందుకొచ్చింది? ఊరి చివర బీడు వెంచర్ అయింది. ప్లాట్లు వేసేటప్పుడు జేసీబీ ముందు లేపేసేది ఈ పొదల్నే. ఆ తర్వాత అక్కడే లాన్ వేసి, ఎండాకాలమంతా ట్యాంకర్ నీళ్లు కొడతారు!

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. పేరుకు గౌరవం దక్కింది కానీ, ఇంట్లో పెంచుకునేవాళ్లు ఎంతమంది? ఇదేమంత కష్టమైన పనీ కాదు.

ముందు విత్తనాలు. వాటి పెంకు చాలా గట్టిగా ఉంటుంది. అలాగే నాటితే కొన్ని నెలల తరబడి మొలకెత్తవు. గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. ఉబ్బినవి నాటండి. తొలకరి వానలు పడ్డాక నాటితే సగం పని వానే చేసిపెడుతుంది.

చోటు ఎంచుకోవడం ముఖ్యం. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎర్ర మట్టి, రాళ్ల నేల అయినా ఫర్వాలేదు. వేరు లోతుకు దిగే రకం కాబట్టి వీలైతే నేరుగా నేలలోనే నాటండి. మొదటి ఏడాది అప్పుడప్పుడూ నీళ్లు పోయండి. వేరు దిగాక దాని మానాన దాన్ని వదిలేయండి. ప్రేమ ఎక్కువై రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. బాల్కనీయే దిక్కయితే పెద్ద కుండీ, అడుగున రంధ్రాలు, మట్టిలో సగం ఇసుక.

ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ చివర చిన్న రంధ్రం ఉన్న తిత్తుల్లో దాక్కుంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని, ఫోన్ వైబ్రేషన్ మోడ్‌లో పెట్టినట్టు ఝుమ్మని ఒళ్లు కదిలిస్తే పుప్పొడి రాలుతుంది. తంగేడు పూసిన వాకిట్లో ఈ చప్పుడు వినొచ్చు.

ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తే స్ప్రే తీయకండి. తెలుపూ లేత ఆకుపచ్చా కలిసిన సీతాకోకచిలుకలు ఈ ఆకుల మీదే గుడ్లు పెడతాయి. ఆ పురుగులు వాటి పిల్లలే. నాలుగు ఆకులు పోయినా చెట్టు మళ్లీ చిగురేస్తుంది.

ఇక విత్తనాలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఈసారి పూల కోసం ఊరి బయటికి వెళ్లినప్పుడు పొద మొత్తం దూసేయకండి, కొన్ని పూలు వదిలేయండి. ఆ చోటును ఫోన్‌లో లొకేషన్ పిన్ చేసి పెట్టుకోండి. కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండాక మళ్లీ వెళ్లి ఓ గుప్పెడు తెచ్చుకోండి. మీకు రెండు గింజలు చాలు, మిగతావి అపార్ట్‌మెంట్‌లో పంచేయండి. ఆలస్యం మాత్రం చేయకండి. వచ్చే ఏడాదికి ఆ పిన్ పెట్టిన చోట ప్లాట్ నంబర్ రాయి పాతి ఉండొచ్చు.