ఎంగిలిపూలకు ప్రమాణమేది? – ఒక పూర్వపక్షం, దాని ఖండన

భాద్రపద బహుళ అమావాస్య సమీపించినప్పుడల్లా ఆస్తిక వర్గాలలోనే ఒక ఆక్షేపం వినవస్తుంది. మహాలయ పక్షంలో తర్పణ శ్రాద్ధాదులు శాస్త్రవిహితాలు. శరన్నవరాత్రులలో కలశస్థాపన, చండీపారాయణ శాస్త్రవిహితాలు. వీటి నడుమ స్త్రీలు పూలు పేర్చి, చప్పట్లు చరుస్తూ చుట్టూ తిరిగి, ఆ పూలను చెరువులో విడవడం మాత్రం లౌకికం, ప్రమాణశూన్యం, ముముక్షువుకు అనుపయుక్తం. ఇదీ పూర్వపక్షం. దీనిని పలికేవారు నాస్తికులు కారు. ప్రస్థానత్రయ పరిచయం కలవారే. కనుకనే సమాధానం అవసరమవుతున్నది.

ముందుగా విషయస్వరూపం చూడాలి. జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ వంటి మెట్టసీమలో పెత్తరమాస ఉదయం గృహిణి చేయించేది పితృకార్యం. పెద్దల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా బ్రాహ్మణునికి అందుతాయి. అదే సాయంకాలం అదే గృహిణి గుమ్మడి ఆకులు పరచి, తంగేడు, గునుగు వరుసలు పేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపి ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకొంటుంది. మరునాటితో ఆశ్వయుజం, దానితో శరదృతువు ప్రవేశిస్తుంది. అంటే ఈ ఉత్సవం వర్షర్తువు అంతిమ దినాన ఆరంభమై, శరత్తులో దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఇది కేవల వినోదం కాదు, ఋతుసంధి.

ఋతుసంధి అన్న మాట ఆక్షేపకులకు తెలియనిది కాదు. శ్రౌతంలో చాతుర్మాస్య యాగాలు ఋతుసంధులలోనే విహితాలు. సంధికాలంలో వ్యాధులు ప్రబలుతాయనీ, అందుచేతనే అవి ఆ వేళ అనుష్ఠేయాలనీ బ్రాహ్మణ గ్రంథాలు హేతువు చెప్పాయి. వాటిలో శరత్తున వచ్చే సాకమేధ పర్వంలో మహాపితృయజ్ఞం అంతర్భాగం. ఋతువు మారే వేళ పితరులను తృప్తిపరచి, అనంతరం దేవతానుగ్రహం అర్థించడం వైదిక క్రమమైతే, ఘనపూర్ గృహిణి ఒకే దినాన ఉదయ సాయంకాలాలలో పాటించే క్రమానికి దానితో విరోధం ఎక్కడ? సాకమేధం నుండి బతుకమ్మ పుట్టిందని ఇక్కడ ప్రతిజ్ఞ చేయడం లేదు. అటువంటి వంశావళులు కల్పించడం సులభం, నిరూపించడం దుష్కరం. రెండింటి దృష్టీ ఒక్కటేనన్నంతవరకే వాదం.

ఇక ప్రమాణం. తెలుగునాట వైదిక కుటుంబాలలో అధికభాగానిది ఆపస్తంబ సూత్రం. సంకల్పంలో నిత్యం ఆ నామాన్ని ఉచ్చరించేవారు ఆ మహర్షి ధర్మసూత్రాన్ని ఎలా ముగించాడో ఒకసారి చూడాలి. చెప్పగా మిగిలిన ధర్మాలను స్త్రీల నుండి, సకల వర్ణాల వారి నుండి గ్రహించాలన్న మతాన్ని ఆయన అక్కడ పేర్కొన్నాడు. గృహ్యసూత్రంలోనూ వివాహ ప్రకరణంలో ఆచారాలను స్త్రీల వలన తెలుసుకొమ్మనే విధించాడు. ధర్మశేషానికి స్త్రీలను ఆకరంగా చూపిన సూత్రాన్ని అనుసరిస్తూ, స్త్రీల ఆచారాన్ని ప్రమాణశూన్యమనడం స్వసూత్ర విరోధం. కర్మాసక్తులైన అజ్ఞులకు బుద్ధిభేదం కలిగించరాదన్న గీతావాక్యాన్ని తలచుకొని, పోనీ వాళ్ల సంతోషం వాళ్లదని ఊరుకొనే ఉదారులూ కొందరున్నారు. ఆ ఔదార్యంలోనూ తిరస్కారమే ఉంది. ఆపస్తంబుడు సహించమనలేదు, నేర్చుకొమ్మన్నాడు.

పేరులోనే ఎంగిలి ఉన్నదని మరొక ఆక్షేపం. ముందునాడు కోసి నీట ఉంచిన పూలు గనుక ఆ పేరు వచ్చిందని పలువురు చెబుతారు. పర్యుషిత పుష్పం పూజకు నిషిద్ధమని పండితులు స్మరింపజేస్తారు. జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉన్నది. అక్కడి సోమనాథుడు బసవపురాణంలో కన్నప్ప కథ చెప్పాడు. బోయవాడు రుచి చూసి అర్పించిన మాంసాన్ని ఈశ్వరుడు స్వీకరించాడని విని పులకించే చెవులకు, రాత్రి నీటిలో నిలిచిన తంగేడుపూవు మాత్రం అపరాధంగా తోచడం వింత. ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైనవాటిని పేర్కొని జనపదుల గానానికి కావ్యగౌరవం ఇచ్చాడు. ఏడువందల ఏండ్లనాడే ఒక మహాకవి గుర్తించినదాన్ని నేటి ప్రవచన వేదికలు గుర్తించలేకపోతున్నాయి.

లౌకికం లోపించినా తత్త్వం నిలుస్తుందనేవారు పశ్చిమాన కెల్టు జాతుల చరిత్ర చూడాలి. వారి డ్రూయిడ్లు మన ఛాందసుల వలె విద్యను లిపిబద్ధం చేయక ముఖతః నేర్పేవారనీ, కొందరు ఇరవై ఏండ్లపాటు అభ్యసించేవారనీ, ఆత్మ నశించక దేహాంతరం పొందుతుందని బోధించేవారనీ వారితో యుద్ధం చేసిన రోమన్ సేనాని జూలియస్ సీజరు రాశాడు. ఫ్రాన్సులోని కొలిన్యీ వద్ద 1897లో దొరికిన కంచు పంచాంగంలో ప్రతి మాసమూ రెండు భాగాలు. ఐదేండ్ల చక్రంలో రెండు అధికమాసాలతో 62 చాంద్రమాసాలు. వేదాంగ జ్యోతిషంలోని పంచవర్షాత్మక యుగంలోనూ 62 చాంద్రమాసాలే. (ఈ సామ్యం కనబడగానే డ్రూయిడ్లంతా బ్రాహ్మణులేనని ఉప్పొంగేవారు కొందరున్నారు. దూరపు బంధుత్వాల మీది ఆ ఉత్సాహం సొంత ఊరి చెరువు మీద కనబడదు.)

ఆ విద్య ఏమైంది? రోమన్ల అణచివేతతో, తరువాత మతపరివర్తనతో గురుపరంపర తెగింది. వారి సిద్ధాంతం వారి మాటలలో ఒక్క వాక్యమైనా నేడు లభించదు. పునర్జన్మను వారు నమ్మారన్న సంగతి కూడ శత్రువు చెప్పగా తెలిసిందే. మిగిలినవి, క్రైస్తవ సన్న్యాసులు లిఖించిన గాథలు పోగా, కర్షకులు, గృహిణులు నిలుపుకొన్న ఋత్వాచారాలు. అక్టోబరు చివరి సంధ్యలో మృతులు ఇంటికి వస్తారని తలచే సావిన్, ఫిబ్రవరి 1న జమ్ము వంటి గడ్డితో అల్లే బ్రిజిడ్ శిలువ, మే నెలారంభపు మంటలు. వీటిలో ఎంత ప్రాచీనమన్నది పండితుల వివాదం. ఇన్నాళ్లు నిలిపినది గ్రామీణ గృహాలే అన్నది నిర్వివాదం. తత్త్వం ఆరిపోయింది, పొయ్యి దగ్గరి ఆచారం మిగిలింది. తెగినదాన్ని అతికించబోయిన వేల్స్ కవి అయోలో మోర్గానుగ్ 1792లో లండనులోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద డ్రూయిడ్ విధి పేరిట తానే ఒక క్రతువును కల్పించవలసివచ్చింది. ప్రాచీనమని అతడు చూపిన రాతలలో అనేకం అతని కూటసృష్టులేనని తరువాత తేలింది. పరంపర పోయాక భక్తికి కల్పనే శరణ్యం.

వేదం నిలిచింది ఆచార్యుని ముఖం నుండి శిష్యుని చెవికి. బతుకమ్మ పాట నిలిచింది తల్లి ముఖం నుండి కూతురి చెవికి. ఉపాయం ఒక్కటే, అపాయమూ ఒక్కటే. 2014లో రాష్ట్ర పండుగగా గౌరవం లభించింది. కాని పెద్ద శబ్దయంత్రం పాడుతుంటే కింద అడుగులు వేయడం అలవాటైన చోట పాట పెదవి మీదికి రావలసిన అవసరమే లేదు. మెట్టభూములు ఇళ్ల స్థలాలుగా మారిన చోట తంగేడు లేదు. చెరువు పూడిన చోట విడవడానికి నీరు లేదు. నగరాలలోని కొన్ని నివాస సముదాయాలలో అక్టోబరు 31న పిల్లలకు భూతవేషాలు వేసి గుమ్మడికాయ దీపాలు పెడుతున్నారు. ఐర్లండులో ఆ దీపాన్ని టర్నిప్ దుంపలో చెక్కేవారు; గుమ్మడికాయ అమెరికా చేర్పు. గుమ్మడిపూవు నడిమి భాగాన్ని గౌరమ్మగా నిలిపే సంప్రదాయం తమ అమ్మమ్మదని ఆ పిల్లలలో ఎందరికి తెలుసు? వారికి చెప్పవలసిన పెద్దలకు అది లౌకికమని తోచింది కదా.

ఐర్లండు ఆలస్యంగానైనా మేల్కొన్నది. 1937–39 నడుమ సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఇంటి వృద్ధులను అడిగి ఆచారాలు, గాథలు, వైద్యాలు రాసుకొచ్చారు. ఆ సంచయం దాదాపు 7,40,000 పుటలు. బ్రిజిడ్ దినం 2023 నుండి అక్కడ జాతీయ సెలవుగా చేరింది. తెలంగాణ బడులలోనూ దసరా సెలవులకు ముందు బతుకమ్మ ఆడిస్తారు. ఎత్తుగా పేర్చినవారికి బహుమతులూ ఉంటాయి. ఆరవనాడు బతుకమ్మ ఎందుకు అలిగిందో ఇంట్లో నాయనమ్మను అడిగి రాసుకురమ్మని మాత్రం ఏ పంతులూ చెప్పడు.