వేగానికి వేరే చోటు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మీదుగా పోయే తిరుపతి రోడ్డులో మన పిల్లలు మోటారు సైకిలు తోలే జోరు చూస్తే మాకు గుండె దడ. కేకలేస్తే వినే వయస్సా అది? ఆ సరదాకు చోటు వేరే ఉన్నది. పూర్వం షోళవరంలో యుద్ధకాలపు విమానాల బాటమీద పందేలు జరిగేవి. 1990 నుంచి శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోటలో పందేలకే వేసిన 3.7 కిలోమీటర్ల బాట ఉన్నది. ట్రాక్ డే నాడు రుసుము కట్టి అక్కడ బండి తోలవచ్చు. ఎదురు బండి రాదు, మేక అడ్డం రాదు. మలుపుకు ముందే బ్రేకు వేయడం, మలుపు దాటే వైపే చూపు నిలపడం ఒంటబడతాయి. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: ఆ విద్య రోడ్డుమీద పందేనికి కాదు, క్షేమంగా ఇల్లు చేరడానికని చెప్పి పంపండి.