ఇంటిపేర్ల ముచ్చట: కెనెడీ

మన ఇంటిపేర్లు చాలామట్టుకు ఊళ్ళ పేర్లు. ఐర్లండువారివి ఎక్కువగా తాతల పేర్లు. వారి భాషలో 'ఓ' అంటే మనుమడు. కెనెడీ అసలు 'ఓ కినేదె'. అందులో మొదటి సగం తల. రెండవ సగం శిరస్త్రాణమని కొందరు, వికారమని కొందరు. (ఆ ఇంటివారు మొదటిదే ఒప్పుకొని ఉంటారు లెండి!)

ఇంగ్లీషు పెత్తనంలో 'ఓ' రాలిపోయింది. కచేరీలో పేర్లు రాసే మేము ఎరుగుదుము, జారిన అక్షరం మళ్ళీ అతకదు.

1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి కరవు వచ్చింది. సుమారు పది లక్షలమంది మరణించారు, మరెందరో ఓడలెక్కారు. డంగన్‌స్టౌన్ పల్లెనుండి బోస్టను చేరిన పాట్రిక్ కెనెడీ పీపాలు చేసి బ్రతికి, 1858లో పోయాడు. మునిమనుమడు జాన్ 1961లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1963 జూన్‌లో ఆయన ఆ పల్లెకు వెళితే బంధువులు పెరట్లో టీ ఇచ్చారు. వెళ్ళిపోయిన కెనెడీలకు, ఉండిపోయిన కెనెడీలకు కలిపి ఆయన ఆ కప్పుతోనే శుభం పలికారు.