ధైర్యం సరే, కాగితం ఎవరి పేరున?

మార్చి 8 వచ్చిందంటే ప్రతి సభలోనూ ఒకటే మాట: వ్యాపారంలోకి వస్తే ఆడవాళ్లకు ఆత్మవిశ్వాసం పెరుగుతుంది. శాలువా కప్పి, మొమెంటో ఇచ్చి, అంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా అని అడుగుతారు. షాపు ఎవరి పేరున ఉంది, అప్పు ఎవరిచ్చారు అని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఆడవాళ్లకు కరువైంది ధైర్యమేనన్న ఈ నమ్మకం తప్పు, పైగా హాని చేస్తోంది. ధైర్యమే లోటనుకుంటే ఒక ఉపన్యాసంతో సరిపెట్టొచ్చు. ఆస్తి లోటని ఒప్పుకుంటే పంచాల్సి వస్తుంది.

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లి చూడండి. గంపల ముందు కూర్చున్న ఆ ఆడవాళ్లలో ధైర్యం తక్కువైంది ఎవరికి? ధర పడిపోతుంటే ఎప్పుడు తెగనమ్మాలో, ఎవరికి అరువివ్వాలో, ఎవరికి కుదరదనాలో వాళ్లకు కొట్టిన పిండి. ఏళ్ల తరబడి అమ్మినా గంప దుకాణం కాలేదంటే కారణాన్ని వాళ్ల మనసులో వెతకడం అన్యాయం. తాకట్టు పెట్టడానికి గజం జాగా ఉండదు. గిరిగిరి అప్పుకు రోజూ కట్టింది పోను మిగిలిందే బియ్యం, బడి ఫీజు.

మా చిన్నమ్మ తుకారాంగేట్‌లో మగ్గం వర్క్ షాపు నడుపుతుంది. మొదటి రెండేళ్లు చుట్టాల జాకెట్లకు డబ్బులడగలేకపోయింది. జనరల్ బజార్‌లో పూసలు, జరీ, కుందన్లు నగదుకు కొనేది. కుట్టిచ్చిన జాకెట్‌కు మాత్రం "మల్ల ఇస్త తియ్యి వదినా" అనేవాళ్లు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఆర్డర్లు రావు. అయినా శనివారం సాయంత్రానికి నలుగురు కారీగర్ల చేతిలో వారం డబ్బులు పెట్టాల్సిందే. ఒక ఆషాఢంలో ఆమె గాజులు రెండు తాకట్టుకు వెళ్లాయి. శ్రావణం నుంచి చీటీ మీద సగం అడ్వాన్సు రాయనిదే మగ్గానికి గుడ్డ బిగించనివ్వలేదు, సొంత ఆడపడుచుదైనా సరే. ఎదగడమంటే నేను కళ్లారా చూసింది ఇదే. పోతే తన సొమ్మే పోతుంది, ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సిందీ తానే. ఆ రెండూ ఉండబట్టే ఆ ఎదుగుదల వచ్చింది.

షాపు పెంచుదామని, ఏడేళ్ల లెక్కల పుస్తకాలు సంచిలో వేసుకుని ఒక బ్యాంకుకు వెళ్లింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆ అధికారి పుస్తకం తెరవలేదు. "మీ సారు రాలేదా మేడమ్?" అన్నాడు. ఇల్లు చిన్నాన్న పేరున ఉంది. షాపు అద్దె అగ్రిమెంటూ ఆయన పేరునే ఉంది. ఏడేళ్లు నడిపిన మనిషి పేరు ఏ కాగితం మీదా లేదు.

చట్టం ఎప్పుడో చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించిన ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది చేరేసరికి 2005 అయింది. అయినా మన ఇళ్లలో కట్నం ఇచ్చాం కదా అని కూతురి వాటా చెల్లువేస్తూనే ఉన్నారు. కూతురితో సంతకం పెట్టించుకునేది వాటా వదులుకునే కాగితం మీదే.

తాకట్టు లేని ముద్రా రుణాలు 2015 నుంచి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచిదే. కానీ ఆడవాళ్లకు అందేవాటిలో ఎక్కువ భాగం 50 వేల లోపు 'శిశు' రుణాలు. నలుగురు పనివాళ్లున్న షాపుకు అది ఎన్నాళ్లొస్తుంది?

శిక్షణకు నేను వ్యతిరేకిని కాను. 2018లో తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసం పెట్టిన వీ హబ్ లాంటివి కావాలి. కానీ అంతకు పాతికేళ్ల ముందే, 1993లో, కన్నెగంటి రమాదేవి ముందుండి మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ పెట్టారు. ఆ మహిళలు పట్టుబట్టి సాధించుకున్నది జాగా. గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ లేచింది. ఏం అడగాలో వాళ్లకు తెలుసు.

మొన్న మాఘంలో మా చిన్నమ్మ షాపు అగ్రిమెంటు గడువు తీరింది. కొత్తది తన పేరునే రాయాలని పట్టుబట్టింది. ఇంట్లో పది రోజులు మాటల్లేవు. చివరికి స్టాంపు పేపర్ మీద తన పేరు రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. ట్రేడ్ లైసెన్సు మార్పించడానికి ఏమేం కావాలో కనుక్కుందామని ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.