ఇంటి జాగ్రత్తలు: కారు మూత దగ్గర పెట్రోలు వాసన



మా ఇంట ఒక పాత పెట్రోలు కారు ఉన్నది. కిందటి ఎండాకాలంలో పట్నంలో ట్యాంకు నిండుగా పోయించుకొని ఊరికి వస్తుండగా, వెనుక సీటులోని పిల్లలు తల తిప్పుతున్నదన్నారు. ప్రయాణం పడలేదనుకొని చేతికి నిమ్మకాయ ఇచ్చి ఊరుకొన్నాము. ఇల్లు చేరి దిగాక చూస్తే పెట్రోలు పోసే మూత దగ్గర ఘాటైన వాసన. పంపు కుర్రవాడు ఒలకబోశాడని అతని మీద నెట్టాము. మర్నాడు కొత్త మూత కొని బిగించాము. వాసన పోలేదు.

మా కారు నిలిపే పాకకు నాలుగు బారల దూరంలోనే నీళ్లు కాచే కట్టెల పొయ్యి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలబారున పాకి, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకొనగలదు. ఆ సంగతి తలచుకొని కారును ఆరుబయటికి తోసి, మెకానిక్‌ను పిలిపించాము.

అతడు వచ్చి ముందుగా ఒక ప్రశ్న అడిగాడు: "ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వస్తుందాండీ, సగమయ్యాక కూడా వస్తుందా?" నిండుగా ఉన్నప్పుడేనని మాకప్పుడు గుర్తుకు వచ్చింది.

ఈ ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలిపోతుంది. నిండుగా ఉన్నప్పుడు, మలుపులు తిరిగినప్పుడు మాత్రమే వాసన వస్తే లోపం పై భాగంలో ఉండవచ్చును: మూతలోని రబ్బరు వాషరు, పోసే గొట్టాన్ని ట్యాంకుతో కలిపే రబ్బరు పైపు, దాని పక్కన గాలి పోయే సన్న పైపు, ట్యాంకు పైన మీటరు బిగించిన చోటు. సగం, పావు ఉన్నప్పుడు కూడా వస్తే ట్యాంకు అడుగు, ఇంజనుకు పోయే పైపు చూడాలి. పోయించేటప్పుడు పంపు గన్ మాటిమాటికి ఆగిపోతుంటే గాలి పైపు మూసుకుపోయి ఉండవచ్చును.

మా కారులో రబ్బరు పైపు క్లిప్పు కింద నెర్రెలు విచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. పైగా 2023 నుండి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. పాత కార్ల రబ్బరు దానికోసం చేసినది కాదు గనుక త్వరగా చెడే అవకాశమున్నది.

మీరు చూడదలిస్తే ఇంజను చల్లారాక, ఆరుబయట, పగటివేళ చూడండి. బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరకు రానీయకండి. పైపు అతుకుల చుట్టూ పొడి తెల్లగుడ్డ చుట్టి, కొంతసేపటికి తీసి చూస్తే తడి ఎక్కడో తెలుస్తుంది. చూడడం అయ్యాక గుడ్డను తప్పక తీసివేసి, గాలికి ఆరవేయండి.

కొన్ని పొరపాట్లు చేయవద్దు. మూత కింద పాలిథిన్ కాగితం పెట్టి బిగించే అలవాటు కొందరికున్నది. చాలా పాత కార్లలో ట్యాంకులోనికి గాలి ఆ మూతలోని రంధ్రం గుండానే పోవాలి. అది మూసుకుంటే పెట్రోలు అందక బండి దారిలో ఆగిపోతుంది. నీళ్ల పైపు, సైకిలు ట్యూబు ముక్క వేయించకండి. పెట్రోలుకు తగిన పైపే అడిగి వేయించండి. పంపు గన్ దానంతట అది ఆగాక ఇంకా పోయించవద్దు. 10 డిగ్రీల వేడి పెరిగితే పెట్రోలు సుమారు 1 శాతం ఉబ్బుతుంది. 30 లీటర్లకు అది దాదాపు 300 మిల్లీలీటర్లు. నిండు ట్యాంకులో దానికి చోటేదీ?

అన్నిటికంటె ముఖ్యమైనది: ట్యాంకుకు చిల్లి పడితే ఖాళీ చేశాము కదా అని వెల్డింగు షాపుకు తీసుకుపోకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు పేలి మనుషుల ప్రాణాలు తీయగలదు. ట్యాంకు మార్పించుటే మేలు.

మా పైపు మార్చాక వాసన పోయింది. పంపు కుర్రవాని మీద వేసిన నింద మాత్రం మాకు సిగ్గుగా మిగిలింది. రోజూ పీల్చే వాసనకు ముక్కు అలవాటుపడి మనకు తెలియకుండా పోతుంది గనుక, కారెక్కిన పిల్లలో, ఇంటికి వచ్చిన చుట్టాలో "ఏదో వాసన వస్తోంది" అంటే తీసివేయక, ఆ రోజే చూపించండి.